నాన్న నమ్మని పేపర్లో నేను పనిచేస్తున్నాను

ఉప్పల్ నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, పేపరు పేరు బయటపెట్టొద్దని కోరారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె పద్నాలుగేళ్లుగా ఒక తెలుగు దినపత్రికలో సబ్ ఎడిటర్. సిటీ డెస్కులో రాత్రి డ్యూటీ. అమ్మానాన్నలు మలక్‌పేటలో, ఆమె పుట్టిపెరిగిన ఇంట్లోనే ఉంటున్నారు. నాన్నగారికి డెబ్బై ఒకటి. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో టెక్నీషియన్‌గా చేసి రిటైరయ్యారు. 2024 మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసు బయటికొచ్చిన దగ్గర్నుంచి ఆయన తీరు మారిపోయింది. ఫోను స్విచాఫ్ చేసి బియ్యం డబ్బాలో పెడతారు. ఏదైనా చెప్పాలంటే టీవీ సౌండు పెంచి, దగ్గరికి పిలిచి చెబుతారు. ముప్పై ఏళ్లుగా ఇంటికి వస్తున్న పేపరు మాన్పించారు. అది కూతురు పనిచేసే పేపరే. సాయంత్రమైతే టీవీలో యూట్యూబ్ పెట్టుకుని, అందరూ దాచిన నిజం తానొక్కడే చెబుతానంటున్న ఒకాయన్ను రెండు గంటలు వింటారు.

పోయిన నెల ఒక రాత్రి ఒంటిగంటన్నరకు అమ్మగారికి ఛాతీలో నొప్పి వచ్చింది. ఆమెకు వేరే ఫోను లేదు. నాన్నగారు డబ్బాలోంచి ఫోను తీసి, ఆన్ చేసి, కంగారులో పిన్ నంబరు గుర్తురాక, చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి రెండిళ్ల అవతల తలుపు కొట్టారు. ఆ ఇంటి అబ్బాయి తన ఆటోలో ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లాడు. ప్రమాదం తప్పింది. డెస్కులో ఉన్న కూతురికి సంగతి తెలిసేసరికి తెల్లవారుజామున నాలుగైంది.

ఆ అబ్బాయి ఆరేళ్ల కిందట గొలుసు దొంగతనం కేసులో పోలీసులు పట్టుకెళ్లినవాడు. ప్రెస్ మీట్‌లో ముసుగు వేసి నిలబెట్టారు. పేర్లతో ప్రెస్ నోట్ ఇచ్చారు. ఆ రాత్రి ఆ వార్త దిద్ది ‘చిక్కిన గొలుసు దొంగలు’ అని హెడ్డింగు పెట్టింది ఈ సోదరే. ఆ పేరు తమ వీధి అబ్బాయిదేనని మర్నాడు పొద్దున నాన్న చెప్పేదాకా ఆమెకు తెలియదు. రెండేళ్ల కిందట కోర్టు అతను నిర్దోషి అంది. ఆ సంగతి ఆమె పేపర్లో రాలేదు. ఆస్పత్రి వరండాలో నాన్నగారు అన్నారట: “మీ పేపరు దొంగ అన్నవాడే మీ అమ్మను బతికించాడు.”

బెంగళూరులో ఉన్న అన్నయ్య, బీపీ చెకప్ అని చెప్పి నాన్నను మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్దామంటున్నాడు. నాన్నను ఎలా మార్చాలి, అన్నయ్య చెప్పినట్టు చేయొచ్చా, అసలు తాను ఈ ఉద్యోగంలో ఉండాలా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా,

మీ నాన్నగారి అనుమానాన్ని మీరు ఉత్తరమంతా ఒకే ముద్దగా రాశారు. నాకు అందులో మూడు వేరువేరుగా కనిపించాయి. ప్రభుత్వం మన మాటలు వింటోందన్నది ఒకటి. పేపర్లు నిజం చెప్పవన్నది ఇంకొకటి. నా కూతురు కూడా ఆ పేపర్లవాళ్లలో ఒకతె అన్నది మూడోది. మొదటి రెండూ దేశమంతా మాట్లాడుకుంటున్నవే. మూడోది మీ ఇంటిది, మీ వీధిది. దాన్ని తీర్చకుండా మిగతా రెంటి గురించి ఎన్ని రుజువులు చూపించినా ఆయన వినరు. కానీ ఫోను విషయంలో అమ్మగారి ప్రాణం ముడిపడి ఉంది కాబట్టి ముందు అక్కడ మొదలుపెడతాను.

ఆయన భయాన్ని పిచ్చి అని మాత్రం ఎవరూ అనకండి. ఆయన ఎండీఎఫ్ గదిలో పనిచేసిన మనిషి. ఊరి లైన్లన్నీ వచ్చి చేరే చోటు అది. పైనుంచి చీటీ వస్తే ఒక నంబరుకు జంపరు వేసి ఇంకో జత వైర్లు బయటికి తీసేవాళ్లమని, ఎవరికని, ఎందుకని అడిగే ధైర్యం ఉండేది కాదని మీ చిన్నప్పుడు చెప్పేవారని రాశారు. ఆ వైరు తన చేత్తో కలిపిన మనిషికి “మన ఫోనెవరు వింటారు నాన్నా” అంటే ఎలా ఎక్కుతుంది?

చట్టం కథ చూసినా ఆయన అనుమానానికి ఆధారాలే దొరుకుతాయి. ఫోను వినడానికి ప్రభుత్వాలకు చాలాకాలం అధికారమిచ్చింది 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం. ఆ అధికారం ఎలా వాడాలో చెప్పే నియమాలేమీ లేకుండానే స్వాతంత్ర్యం తర్వాత కూడా దశాబ్దాలు గడిచిపోయాయి. రాజకీయ నాయకుల ఫోన్లు విన్న తీరు మీద సీబీఐ నివేదిక ఒకటి పత్రికలో బయటపడ్డాక, పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 డిసెంబరులో తీర్పు వచ్చింది. హోం కార్యదర్శి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వాలి, అది రెండు నెలలే చెల్లాలి, పొడిగించినా ఆరు నెలలు దాటకూడదు, ఒక కమిటీ సమీక్షించాలి అని కోర్టు చెప్పింది. అంటే మీ నాన్నగారు ఉద్యోగంలో చేరిన ఇరవై ఏళ్ల దాకా ఆ చీటీల మీద ఎవరి సంతకం ఉండాలో స్పష్టంగా చెప్పిన నియమమే లేదు. తర్వాత 2007లో నియమాలు రాశారు. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం చేసి, 2024 డిసెంబరులో నియమాల్ని మళ్లీ రాశారు. చట్రం మాత్రం దాదాపు అదే. అనుమతి ఇచ్చేది ప్రభుత్వ కార్యదర్శి, సమీక్షించేది ప్రభుత్వ అధికారులు. జడ్జి ఎక్కడా ఉండరు. నీ ఫోను విన్నామని ఆ మనిషికి తర్వాతైనా చెప్పాలన్న నియమం లేదు.

దేశం లోపలి నిఘా చూసే ఇంటెలిజెన్స్ బ్యూరో 1887 నుంచి ఉంది, విదేశాల నిఘా చూసే ‘రా’ సంస్థ 1968లో వచ్చింది. రెంటికీ పార్లమెంటు చేసిన ప్రత్యేక చట్టం ఈనాటికీ లేదు. సమాచార హక్కు చట్టం కింద అడుగుదామంటే, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారం తప్ప మిగతాదేదీ అవి ఇవ్వక్కర్లేదని సెక్షన్ 24 చెబుతుంది. ఇక మన రాష్ట్రంలో పంజాగుట్ట స్టేషన్‌లో నమోదైన కేసు. మావోయిస్టుల మీద నిఘాకు పెట్టిన విభాగాన్ని నాయకులు, వ్యాపారులు, విలేకరుల ఫోన్లు వినడానికి వాడారని, 2023 డిసెంబరులో ఎన్నికల ఫలితాలు రాగానే హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారని అందులో ఆరోపణ. అది నిజమో కాదో కోర్టు తేల్చాలి. ఒక సామాన్యుడికి ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే భయం వేయడంలో వింతేముంది?

కాబట్టి “మన ఫోను వినడం లేదు” అని వాదించకండి. అది మీరు నిరూపించలేరు. ఫోన్లలోకి చొరబడే పెగాసస్ అనే నిఘా సాఫ్ట్‌వేర్ విషయంలో 2021లో సుప్రీంకోర్టు, మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి.రమణ ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా, నిపుణుల కమిటీ వేసింది. ఆ కమిటీ 29 ఫోన్లు పరీక్షిస్తే ఐదింటిలో ఏదో చెడ్డ సాఫ్ట్‌వేర్ కనిపించింది గానీ, అది పెగాససేనని చెప్పలేకపోయారు. కేంద్ర ప్రభుత్వం సహకరించలేదని ఆ ప్రధాన న్యాయమూర్తే కోర్టులో చెప్పారు. అంత పెద్ద కోర్టుకే తేలని విషయం మీ వంటింట్లో తేలదు.

ఆయనతో టెక్నీషియన్‌తో మాట్లాడినట్టు మాట్లాడండి. “వింటున్నారో లేదో మనకు తెలియదు నాన్నా. కానీ ఆ డబ్బా వల్ల ఏది ఆగింది, ఏది ఆగలేదు?” అని అడగండి. వినాలనుకున్నవాడికి ఆ డబ్బా వల్ల పోయిందేమీ లేదు. పోబోయింది అమ్మగారి ప్రాణం. ఆ రాత్రి చెప్పుల్లేకుండా వీధిలోకి వెళ్లిన మనిషికి ఈ మాట మీకంటే ఎక్కువ తెలుసు. దెప్పినట్టు కాకుండా అడిగితే దారి ఆయనే చెప్పొచ్చు.

నాకు తోచిన దారులు చెబుతాను. ల్యాండ్‌లైన్ పెట్టించడం ఒకటి. ఆయనకు తెలిసిన వస్తువు, పిన్ నంబరు అక్కర్లేదు, గోడ మీద 108, మీ నంబరు పెద్ద అక్షరాలతో రాసి అంటించొచ్చు. “దీన్నే అన్నింటికంటే తేలిగ్గా వింటారు” అని ఆయన అనొచ్చు. అంటే ఒప్పుకోండి. అంబులెన్సును పిలిచే మాట ఎవరు వింటే ఏం? ఇంకొకటి, అమ్మగారికి ఒక బటన్ ఫోను కొనివ్వడం. అది ఆయనకు తెలియకుండా ఇస్తే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. పప్పుల డబ్బా వెనక దాచిన ఫోను ఆయనకు దొరికిన రోజున, ఇంట్లోవాళ్లూ దాస్తున్నారన్న రుజువు మీరే ఆయన చేతికి ఇచ్చినట్టవుతుంది. ఎదురుగా ఇవ్వండి. “ఇది అమ్మది, అమ్మ ఇష్టం” అని చెప్పండి. అమ్మగారికి ఏం కావాలో మీ ఆరు పేజీల్లో ఎక్కడా లేదు. ఆమెను అడగండి. భర్త భయాన్ని గౌరవిస్తూ ఆమె ఎన్ని రాత్రులు బిక్కుబిక్కుమంటూ గడిపిందో మీకు తెలియకపోవచ్చు.

ఇదేదీ కుదరకపోతే, పగలంతా డబ్బాలోనే ఉంచినా రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా ఫోను ఆన్ చేసి మంచం పక్కన పెట్టేలా ఒప్పించండి. అది సగం గెలుపే. ఆ సగం చాలు.

అన్నయ్య సలహా గురించి. అబద్ధం చెప్పి తీసుకెళ్లొద్దు. బీపీ అని బయల్దేరి, మానసిక వైద్యుడి బోర్డు చూసిన క్షణంలో ఆయన మిమ్మల్ని కూడా ఆ జాబితాలో కలిపేసుకుంటారు. తర్వాత నిజంగా డాక్టరు అవసరమైన రోజున మీతో రారు. అలాగని డాక్టరు మాటే వద్దని కాదు. ప్రభుత్వం మీద అనుమానం జబ్బు కాదు. అమ్మ తనకు అన్నంలో ఏదో కలుపుతోందనడం, లేని మాటలు వినపడటం, నిద్ర పూర్తిగా పోవడం, నిన్నటి సంగతులు తరచూ మరిచిపోవడం, ఇలాంటివి కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. పిన్ నంబరు మరిచిపోవడం ఆ రాత్రి కంగారు వల్లేనా, మామూలప్పుడూ ఉందా అన్నది గమనించండి. టీవీ సౌండు పెంచేది మాటలు బయటికి పోకూడదనేనా, ఆయనకు సరిగా వినిపించకనా అన్నది కూడా చూడండి. వినికిడి తగ్గిన పెద్దవాళ్లకు పక్కవాళ్లు గుసగుసలాడుతున్నట్టు తోచి అనుమానం పెరగడం వైద్యులకు బాగా తెలిసిన సంగతే. చెవుల పరీక్షకు నిజం చెప్పే తీసుకెళ్లొచ్చు, అందులో ఆయనకు చిన్నతనం ఉండదు. మీరు ముందుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోను చేయండి. ఇంటివాళ్లు కూడా అడగొచ్చు.

ఇక పేపర్ల సంగతి.

ఇది మీకు కష్టంగా ఉంటుంది. నేనూ ఒకప్పుడు డెస్కులో కూర్చున్నదాన్నే కాబట్టి నాకూ కష్టమే. మలక్‌పేటకు కూతవేటు దూరంలోని కాచిగూడలో 1948 ఆగస్టులో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు చేతులు నరికి చంపారు. నిజాం రాజ్యం భారతదేశంలో కలవాలని రాసినందుకు. మీ నాన్నగారి తరం ఈ కథ వింటూ పెరిగింది. పేపరు మీద వాళ్లు పెట్టుకున్న గౌరవం అక్కడ పుట్టింది. ఇవాళ ఆయన కోపంలో సగం ఆ గౌరవం విరిగిన బాధే.

అది ఎలా విరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని అభ్యర్థుల ప్రచారాన్ని వార్తలుగా వేశారని మన రాష్ట్రంలోనే జర్నలిస్టుల సంఘం లెక్కలు తీసింది. ప్రెస్ కౌన్సిల్ ఒక ఉపసంఘం వేస్తే, పరంజయ్ గుహ ఠాకుర్తా, మన కె.శ్రీనివాసరెడ్డి కలిసి పత్రికల పేర్లతో సహా నివేదిక ఇచ్చారు. 2010లో కౌన్సిల్ ఆ పేర్లు తీసేసి, కుదించిన నివేదికను బయటపెట్టింది. పూర్తి నివేదిక రావడానికి కేంద్ర సమాచార కమిషన్ చెప్పాల్సివచ్చింది. మండలాల నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌కు జీతం ఉండదు, ప్రకటనల టార్గెట్ ఉంటుంది. ఏ సర్పంచి దగ్గర ప్రకటన తెచ్చాడో ఆ సర్పంచి మీద రేపు వార్త ఎలా రాస్తాడు? హైదరాబాద్‌లో ఎంపీలు, ఎమ్మెల్యేలు, అధికారులు, జడ్జీలతో పాటు జర్నలిస్టుల సొసైటీలకు ప్రభుత్వం ఇచ్చిన భూకేటాయింపుల్ని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ సొసైటీల్లో డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన చిన్న జీతగాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ పాలకుడి దగ్గర స్థలం తీసుకున్నవాళ్లు పాలకుణ్ణి ఎలా అడుగుతారని వీధిలో మనిషి అడిగితే, దానికి ఎదురుచెప్పే మాట నా దగ్గర లేదు.

ఒక సంగతి మాత్రం ఉంది. డబ్బు వార్తల మీద ఆ ప్రెస్ కౌన్సిల్ నివేదిక రాసింది కూడా పాత్రికేయులే. ఫోన్ ట్యాపింగ్ సంగతి మీ నాన్నగారికి తెలిసిందీ ఎవరో విలేకరి కోర్టు కాగితాలు తెచ్చి రాస్తేనే. ఈ మాట మీ నాలుక చివరిదాకా వచ్చే ఉంటుంది. వాదనలో గెలవడానికి దాన్ని వాడకండి. ఓడిపోయానని ఆయనకు అనిపిస్తే యూట్యూబ్ సౌండు ఇంకొంచెం పెరుగుతుంది, అంతే.

ఆ యూట్యూబ్ ఆయన్ను తిట్టకండి. నాన్నగారి పక్కన కూర్చుని ఒక పూట మీరూ వినండి. డెస్కులో ఏ కాపీనైనా అడిగే ప్రశ్నలే అక్కడా అడగండి: ఇది ఆయనకు ఎవరు చెప్పారు, కాగితం ఉందా, పోయిన నెల చెప్పింది తప్పని తేలితే ఒప్పుకున్నాడా? మీ పేపర్ని కూడా అవే ప్రశ్నలు అడగమని నాన్నగారికి చెప్పండి. 2018 మేలో చాంద్రాయణగుట్టలో ఏం జరిగిందో ఆయనకు గుర్తుండే ఉంటుంది. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వచ్చిన మాట నమ్మి, పొట్టకూటికి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను జనం కొట్టి చంపారు. అదే ఏడాది, అవే వదంతులు జోగులాంబ గద్వాల జిల్లాలోనూ తిరిగాయి. అక్కడ ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ప్రకటనలిచ్చి ఊరుకోలేదు. ఊరికో పోలీసును అప్పగించి గడపగడపకూ పంపారు, డప్పు కళాకారులతో పాటలు కట్టించారు. ఆ ఊళ్లలో ప్రాణాలు పోలేదు. అక్కడి జనం నమ్మింది వాకిట్లోకి వచ్చి కూర్చుని మాట్లాడిన మనిషిని అని నేననుకుంటాను. మీ నాన్నగారి వాకిట్లో అలా కూర్చోగలిగింది మీరే.

ఇప్పుడు ఆ అబ్బాయి దగ్గరికి వద్దాం.

2019 డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి వంతెన దగ్గర దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురిని పోలీసులు కాల్చి చంపారు. తుపాకులు లాక్కుని కాల్పులు జరిపారు కాబట్టి ఎదురుకాల్పులు జరిపామన్నారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, టపాసులు కాల్చారు. చాలా పేపర్లు, చానళ్లు ఆ కథనాన్నే పండగలా వేశాయి. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఏం చెప్పిందో చూడండి. పోలీసుల కథనం నమ్మదగ్గది కాదు, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారు, నలుగురిలో ముగ్గురు మైనర్లు, పదిమంది పోలీసుల మీద హత్య విచారణ జరగాలి అంది. కేసు హైకోర్టు ముందుకు వెళ్లింది.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు మనలో చాలామందికి అనుమానం రాలేదు. మన ఫోను వింటారేమోనని భయపడే మనమే, ఇంకొకరి బిడ్డను ముసుగేసి నిలబెడితే పోలీసులు చెప్పింది చెప్పినట్టు నమ్ముతాం. అధికారం మన వైపు తిరిగితే అనుమానం, అవతలివాడి వైపు తిరిగితే చప్పట్లు. మీ నాన్నగారు అక్కడ మనందరికంటే ముందున్నారు. ఆ అబ్బాయి కేసులో ఆయన మొదటి రోజు నుంచీ పోలీసు మాట నమ్మలేదు. చిన్నప్పటి నుంచి చూసిన పిల్లవాణ్ణి నమ్మారు. మీ హెడ్డింగును మాత్రం అప్పటి నుంచీ మింగలేకపోతున్నారు. ఫోన్ ట్యాపింగ్ కేసు 2024లో వచ్చింది. ఇంట్లో ఆ ముల్లు దిగి అప్పటికే చాలాకాలమైంది.

నా సంగతి ఒకటి చెబుతాను. తొంభైల్లో, నేను డెస్కులో చేరిన కొత్తలో ఒక ఎన్‌కౌంటర్ వార్త వచ్చింది. కాపీలో ‘పోలీసుల కథనం ప్రకారం’ అని ఉంది. రెండు కాలమ్‌లలో పట్టడం లేదని ఆ ముక్క నేనే కొట్టేశాను. మూడు రోజుల తర్వాత ఒక తల్లి ఫొటో పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. తన కొడుకు లారీ క్లీనరని, నక్సలైటు కాదని చెప్పింది. టీ తెప్పించి, మా బాస్ లేరని చెప్పి పంపేశాను. ఆమె చెప్పింది నిజమో కాదో నాకీనాటికీ తెలియదు. తెలుసుకోవడానికి నేను ఒక్క ఫోను కూడా చేయలేదు. ఆమె కూర్చున్న కుర్చీ ఇప్పటికీ నాకు గుర్తొస్తుంది. మీకింకా సమయం ఉంది, ఆ అబ్బాయి రెండిళ్ల అవతలే ఉన్నాడు.

ఏం చేయొచ్చంటే, విచారణ మొదలైన వార్త వేసిన పత్రిక చివరికి శిక్ష పడిందో, నిర్దోషిగా తేలిందో కూడా వేయాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళిలో ఉంది. తీర్పు కాపీ పెట్టి మీ ఎడిషన్ ఇన్‌చార్జిని అడగండి. “ఆరేళ్ల కిందటి వార్త ఇప్పుడెవరికి కావాలి” అని ఆయన అనొచ్చు. చిన్న ముక్కగా లోపలి పేజీలో వేస్తానని అనొచ్చు. లేదా డెస్కువాళ్లు నీతులు చెప్పొద్దని ముఖం మీదే అనొచ్చు, మీ మీద కొంతకాలం గుర్రుగా ఉండొచ్చు. ఇవన్నీ లెక్కేసుకునే అడగండి. కనీసం వెబ్‌సైట్‌లో ఆ పాత వార్త కింద తీర్పు సంగతి చేర్చమని పట్టుబట్టండి. అతని పేరు వెతికేవాళ్లకు ఇంకా కనిపించేది అదే.

కానీ వీటన్నింటికంటే ముందు ఆ కుటుంబాన్ని అడగాలి. మనకు మనశ్శాంతి కావాలని వాళ్ల పేరు మళ్లీ పేపర్లోకి ఎక్కించకూడదు. అతనికి పెళ్లి సంబంధాలు చూస్తుండొచ్చు. వీధిలో జనం మరిచిపోయారని వాళ్లు ఊపిరి పీల్చుకుంటుండొచ్చు. వద్దంటే వద్దే. అప్పుడు మీరు చేయగలిగింది ఒక్కటే, ఆ హెడ్డింగు పెట్టింది నేనేనని వాళ్లతో చెప్పడం. మీరే పెట్టారని వాళ్లకు తెలియకపోవచ్చు. తెలిసిన రోజు నుంచి పలకరింపులు ఆగిపోవచ్చు. అమ్మగారిని ఆటోలో ఎక్కించుకున్న రాత్రి గురించి ఆ అబ్బాయి మనసు విరగొచ్చు. చెప్పకుండా ఉండటమూ ఒక దారే, దానికీ కారణాలున్నాయి. అయితే నాన్నగారికి తెలుసు కాబట్టి, మీరు చెప్పని ప్రతి రోజూ ఆయన కళ్ల ముందు మీరూ ఒకటి దాస్తున్నట్టే.

ఉద్యోగం మానాలా అని అడిగారు. ఇప్పుడే నిర్ణయించుకోవద్దు. మానేస్తే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు, ప్రెస్ నోట్‌లు వస్తూనే ఉంటాయి. ఉంటే, హెడ్డింగులో నిందితుణ్ణి దొంగ అని తేల్చకుండా ఆపగలిగేది మీలాంటివాళ్లే. ‘గొలుసు దొంగతనం కేసులో ఇద్దరి అరెస్టు’ అని పెట్టినా అదే జాగాలో పడుతుంది. పడకపోతే అక్షరాల సైజు తగ్గించండి. అది కూడా చేయనివ్వని చోటని తేలిన రోజున వెళ్లిపోవడం గురించి ఆలోచించండి, అప్పుడు వెళ్లినందుకు నాన్నగారికి కారణం చెప్పగలుగుతారు.

నాన్నగారితో పని గురించి మాట్లాడే తీరు కూడా మార్చి చూడండి. ఇన్నాళ్లూ పేపర్ని వెనకేసుకొచ్చి ఉంటారు. ఈసారి ఆయన అడగకముందే చెప్పండి: రాత్రి ఏ వార్త వచ్చింది, అది ఎవరు చెప్పారు, ఏది మేం సరిచూడలేదు, దేన్ని పైవాళ్లు ఆపేశారు. మంచిదీ చెడ్డదీ రెండూ. ఆయన్నూ అడగండి. ఆ చీటీలు ఎలా ఉండేవి, ఎవరు తెచ్చేవారు, జంపరు ఎన్ని రోజులు ఉంచేవారు, తీసేటప్పుడు ఎవరైనా పుస్తకంలో రాసేవారా అని. తనూ ఒకప్పుడు ఆ యంత్రంలో భాగమేనన్న బాధ ఆయనలో ఉందేమోనని నాకనిపిస్తోంది. ఇన్నేళ్లలో ఆయన్ను ఎవరైనా కూర్చోబెట్టి ఆ సంగతి అడిగారా? ఆయన చెబితే నోట్‌బుక్‌లో రాసుకోండి. పేపర్లో వేయడానికి కాదు. వేయనని ముందే మాటివ్వండి.

మంగళవారం మీకు వీక్లీ ఆఫ్ అని రాశారు. పొద్దున మలక్‌పేట వెళ్లి, అమ్మగారి మందులు చూసి, ల్యాండ్‌లైన్ సంగతి కదపండి. సాయంత్రం ఆ అబ్బాయి ఆటో ఇంటికి చేరే వేళకు ఆ తలుపు కొట్టండి. నాన్నగారిని తోడు రమ్మని అడగొద్దు. తానే చెప్పులేసుకుని వెంట వస్తే మాత్రం వద్దనకండి.